పిల్లకీ కుక్కపిల్లకీ మధ్య పెద్దవాళ్లు

ఇంటికి తెచ్చుకున్న కుక్కకు శుభ్రత నేర్పాల్సిందీ, పసివాళ్ల దగ్గర మెలిగే తీరు నేర్పాల్సిందీ మనమే. మొదటి కొన్ని నెలలు ఓపిక పడితే ఆ తర్వాత పదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.

కృష్ణా డెల్టాలోని బంటుమిల్లి చుట్టుపక్కల కుక్క లేని ఊరు లేదు. ములపర్రు, పెదతుమ్మిడి దాటి ఎటు వెళ్లినా చేపల చెరువు గట్టు మీద కాపలా షెడ్డు, దాని ముందు ఒక కుక్క కనిపిస్తాయి. రాత్రిపూట చెరువు కాసే మనిషికి తోడు అదే. ఇళ్ల దగ్గరా ఒకప్పుడు అలాంటి కుక్కలే ఉండేవి. పెరట్లో ఇంత అన్నం పెడితే తినేవి, అరుగు కింద పడుకునేవి, గడ్డివాము వెనక్కో కాలవ గట్టుకో వాటంతటవే వెళ్లొచ్చేవి. గడప దాటి లోపలికి వచ్చేవి కావు. ఎవరూ వాటికి ఏమీ నేర్పలేదు, ఆ అవసరమూ రాలేదు.

ఇప్పుడు ఇళ్లు మారాయి. పెంకుటిళ్ల స్థానంలో డాబాలు లేచాయి, గచ్చు నేల పోయి టైల్స్ వచ్చాయి. వాటితోపాటు కుక్కలూ మారాయి. విజయవాడ నుంచో భీమవరం నుంచో ల్యాబ్రడార్, పొమేరియన్, షిట్జూ, రాట్‌వీలర్ పిల్లలు కార్లో దిగుతున్నాయి. అవి అరుగు కింద పడుకోవు, హాల్లో సోఫా పక్కన పడుకుంటాయి. అదే హాల్లో ఉయ్యాల వేలాడుతుంటుంది, అదే నేల మీద పసివాడు పాకుతుంటాడు. కుక్కను ఇంట్లోకి తెచ్చుకున్నంత తేలిగ్గా ఇంటి పద్ధతులు దానికి రావు. పసివాడికి కుక్క పద్ధతులూ తెలియవు. ఇద్దరికీ మధ్య నిలబడి నేర్పాల్సినవాళ్లు పెద్దవాళ్లు. వాళ్లు పక్కకు తప్పుకున్న చోటే ప్రమాదం జరుగుతుంది.

సంక్రాంతి కూన శివరాత్రి దాకా తల్లి దగ్గరే

చిత్తకార్తెలో ఊరకుక్కలు జతకడతాయని మన పెద్దలు ఎప్పుడో గమనించారు. ఆ కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. లెక్క కట్టి చూస్తే డిసెంబరు రెండో సగంలో ఈనుతుంది. సంక్రాంతికి పిల్లలు కళ్లు తెరిచి, గడ్డివాము చుట్టూ తప్పటడుగులు వేస్తుంటాయి. సరిగ్గా అప్పుడే బడులకు సెలవులు. ఊళ్లో పిల్లలు ఒక్కో కూనను చంకనేసుకుని ఇంటికి తెస్తారు.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది తల్లికుక్క. మామూలు రోజుల్లో తోకాడిస్తూ వెంట తిరిగే కుక్కే పిల్లలు పెట్టాక దగ్గరికొచ్చిన వాళ్ల మీదికి ఉరుకుతుంది. ఈనిన కుక్క దగ్గరికి పిల్లలను వెళ్లనివ్వకూడదు. రెండోది కూన వయసు. ఎనిమిది వారాలు నిండే దాకా అది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండాలి. పళ్లు ఎంత గట్టిగా పడితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది ఆ ఆటల్లోనే. డిసెంబరు చివర్లో పుట్టిన కూన శివరాత్రి దాకా ఆగితే ఈ చదువు దాదాపు పూర్తవుతుంది. కొనుక్కునే జాతి కుక్కకూ ఇదే లెక్క. నెల రోజుల కూనను చేతిలో పెట్టేవాళ్ల దగ్గర కొనొద్దు.

అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల పెంపకాన్ని పరిశీలించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు చాలా సున్నితంగా ఉంటుందని, ఆ రోజుల్లో ఎవరితో మెలిగితే వాళ్లను తనవాళ్లుగా స్వీకరిస్తుందని అందులో వివరించారు. ఇంట్లో పిల్లలుంటే ఆ వారాల్లోనే పెద్దవాళ్లు దగ్గరుండి, కూన భయపడకుండా, పిల్లల అరుపులు, పరుగులు, బొమ్మల చప్పుళ్లు మెల్లమెల్లగా అలవాటు చేయాలి.

గడియారం చూసుకుని నేర్పాలి

ఇల్లంతా పాడుచేసే కుక్కపిల్ల మొండిది కాదు. రెండు నెలల కూనకు ఆపుకునే శక్తి ఇంకా రాలేదు, అంతే. నెలకో గంట అని ఒక మోటు లెక్కుంది. రెండు నెలలదైతే రెండు గంటలు, మూడు నెలలదైతే మూడు గంటలు. ఆడుకునేటప్పుడు అంతసేపు కూడా ఆగలేదు. కాబట్టి అది అడిగే దాకా చూడకుండా మనమే బయటికి తీసుకెళ్లాలి. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పది ఇరవై నిమిషాలకు ఒకసారి, ఆట అయిన వెంటనే, రాత్రి పడుకోబోయే ముందు. మధ్యలో రెండు గంటలకోసారి. మొదటి వారాల్లో అర్ధరాత్రి కూడా ఒకసారి లేవాల్సి వస్తుంది.

ప్రతిసారీ ఒకే గుమ్మం గుండా, పెరట్లో ఒకే మూలకు వెళ్లాలి. ఒకే మాట అనాలి. నాన్న ‘బయటికి’ అని, నానమ్మ ‘పదవే’ అని, పిల్లలు ఇంకోటి అంటే కూన తికమకపడుతుంది. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. తలుపు తీసి వదిలేస్తే సరిపోదు, తాడు పట్టుకుని పక్కనే నిలబడాలి. పని పూర్తవగానే, ఒకటి రెండు సెకన్లలోనే మెచ్చుకుని ఉడికించిన గుడ్డు ముక్కో, ముల్లు తీసిన చేప ముక్కో పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. పనవ్వగానే లాక్కురాకుండా కాసేపు పెరట్లో ఆడించాలి. లేకపోతే త్వరగా కానిస్తే షికారు అయిపోతుందని కనిపెట్టి ఆలస్యం చేయడం మొదలుపెడుతుంది.

ఇంట్లో నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నా, ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మూలకు పోతున్నా సమయం వచ్చేసిందని అర్థం. చప్పుడు చేయకుండా ఎత్తుకుని బయటికి తీసుకెళ్లాలి. ఎవరూ గమనించలేని వేళల్లో దాన్ని ఇల్లంతా తిరగనివ్వకూడదు. కుక్క తాను పడుకునే చోటు పాడుచేసుకోదు. అది చాచుకుని పడుకోడానికి, లేచి తిరగడానికి సరిపడా చిన్న కేజ్ గానీ, అడ్డుకట్టిన వరండా మూల గానీ ఉంటే ఆపుకోవడం అక్కడే నేర్చుకుంటుంది. దాన్ని శిక్షగా వాడకూడదు, గంటల తరబడి మూసి ఉంచకూడదు. తిండి వేళలు కచ్చితంగా పాటిస్తే బయటికి వెళ్లే వేళలూ కచ్చితంగా కుదురుతాయి. రెండు మూడు నెలల కూనకు రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. వానాకాలంలో పెరడంతా రొచ్చు. తుపాను పడితే రోజుల తరబడి అడుగు బయట పెట్టలేం. కూన తడి నేల మీద కాలు మోపనని గుమ్మంలోనే కూర్చుంటుంది. అందుకని వరండా చివర ఇసుక పోసిన వెడల్పాటి ట్రే ఒకటి ముందునుంచే అలవాటు చేయడం మంచిది. మచిలీపట్నం, గుడివాడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు బాల్కనీలో ఇదే దారి. టీకాలు పూర్తయ్యే దాకా వీధికుక్కలు తిరిగే చోట కూనను దింపకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది.

లోపల పాడుచేసిన చోటు శుభ్రం చేయడానికి మన చేయి ముందు ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. ఫినాయిల్ కుక్కపిల్లకు మంచిది కాదు, పాకే పసివాడికీ మంచిది కాదు. బ్లీచింగ్ మూత్రంతో కలిస్తే ఘాటు ఆవిరి వస్తుంది. ముందు సబ్బు నీళ్లతో తుడిచి, తర్వాత నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడవాలి. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ ఇంకా మేలు. వాసన పూర్తిగా పోకపోతే మనకు తెలియకున్నా కుక్కకు తెలుస్తుంది, మళ్లీ అక్కడికే పోతుంది.

ఈ పద్ధతిలో చాలా కుక్కపిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు దారిలో పడతాయి. బాగా నేర్చుకున్న కుక్క హఠాత్తుగా ఇంట్లో మూత్రం పోస్తోందంటే అలకో పొగరో అని తేల్చేయకుండా పశువుల ఆసుపత్రిలో చూపించాలి. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా అలాగే చేస్తుంది.

కొట్టిన చేతిని మరచిపోదు

తప్పు చేసిన కూన ముక్కును ఆ తడిలోనే రుద్దడం, చీపురు తిరగేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఈ అలవాటు పోవాలి. తెలుగులో ఆదికావ్యమనిపించుకున్న నన్నయ భారతంలో, ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వస్తుంది. ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి నిలదీస్తుంది. సాధువులకు, పేదవాళ్లకు మంచి చెడు ఆలోచించకుండా కీడు చేసేవాళ్లకు ఊహించని భయాలు వచ్చిపడతాయని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక మన హాల్లో అక్షరాలా నిజమవుతుంది.

ఎలాగంటే, జరిగినదానికీ దెబ్బకూ ఒకటి రెండు సెకన్ల కన్నా ఎడం వస్తే కుక్క ఆ రెంటినీ కలుపుకోలేదు. పది నిమిషాల కిందటి తడిని చూపించి కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి దగ్గరుంటే దెబ్బ పడుతుంది. ఆ తర్వాత మన కళ్ల ముందు కాకుండా సోఫా వెనక్కి, మంచం కిందికి పోయి కానిస్తుంది. చెవులు వాల్చి తల దించుకుంటే ‘తప్పు చేశానని దానికి తెలుసు’ అంటాం. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్నే పరీక్షించారు. తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, యజమాని కసిరినప్పుడల్లా కుక్కలు ఆ ముఖమే పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, భయం.

ఆ భయం పసివాడికి చుట్టుకుంటుంది. ఎత్తిన చెయ్యంటే దెబ్బ అని నేర్చుకున్న కుక్కకు, రెండేళ్ల పాప నిమరబోయి పైకెత్తిన చెయ్యి కూడా అలాగే కనిపిస్తుంది. మనం వేసిన దెబ్బకు కాటు పాప చేతి మీద పడుతుంది. రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచే కుక్క సంగతీ ఇంతే. భయమేస్తే పారిపోయే దారి దానికి లేదు. మిగిలింది పళ్లే.

పాపాయి ఇంటికి వచ్చే ముందు

మన దగ్గర ఆడపిల్ల కాన్పుకు పుట్టింటికి వెళ్తుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి వస్తుంది. కుక్క పుట్టింట్లో ఉన్నా అత్తారింట్లో ఉన్నా, దాన్ని సిద్ధం చేయడానికి మనకు వారాల వ్యవధి దొరుకుతుంది. దాన్ని వృథా చేసుకోవద్దు. బిడ్డ వచ్చాక కుక్క ఏ గదిలోకి రాకూడదో ఆ గది ఇప్పుడే మాన్పించాలి. బిడ్డ వచ్చిన రోజే గెంటేస్తే ఆ రెంటినీ ముడిపెట్టుకుంటుంది. వంటగదికి, దేవుడి గదికి రాకూడదని గడప దగ్గర ఆగడం నేర్చుకున్న కుక్క ఉయ్యాల గది గడపా నేర్చుకోగలదు. ఆగినప్పుడల్లా తినడానికి ఏదో ఒకటి పెడుతూ ఉంటే చాలు. మొదట్లో గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టుకోవచ్చు.

పసిపాప ఏడుపును ఫోన్‌లో చిన్న శబ్దంతో వినిపిస్తూ రోజురోజుకూ కొంచెం పెంచాలి. బిడ్డను చుట్టిన గుడ్డ ఒకటి ముందుగా తెప్పించి వాసన చూడనివ్వాలి. ఇంటికి వచ్చిన రోజు తల్లి ముందు బిడ్డ లేకుండా లోపలికి వచ్చి కుక్కను పలకరించాలి. అది కుదుటపడ్డాక తాడు పట్టుకుని, కొంచెం దూరం నుంచి బిడ్డను చూపించాలి. మన దగ్గర ఉయ్యాల కిందికి వేలాడుతుంది, కుక్క ముక్కుకు అందుతుంది. బిడ్డ పడుకున్న గదిలో కుక్కను ఒంటరిగా వదలొద్దు. ఎంత మంచి కుక్కైనా, ఎన్నేళ్ల నుంచి ఇంట్లో ఉన్నా సరే. ఆరేళ్ల లోపు పిల్లలు, కుక్క ఒకే చోట ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఒకరు చూస్తూ ఉండాలి. టీవీ చూస్తూ కాదు, వాళ్లిద్దరినే చూస్తూ.

ఇంకో సంగతి ఇంట్లో చెప్పుకోవాలి. కూన పేగుల్లో ఏలికపాములుంటాయి. వాటి గుడ్లు మట్టిలో, నేల మీద చేరి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు పోతాయి. అందుకే పశువైద్యుడు చెప్పిన లెక్కలో కూనకు నులిపురుగుల మందు వేయించాలి, పిల్లలు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడిగించాలి. మిగిలిన కూర కలిపిన అన్నం కుక్కకు పెట్టడం మానాలి. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

గుర్రుమంటే మన మంచికే

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను పిల్లలున్న ఇంట్లో నమ్ముకోవద్దు. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగని కుక్కా కరుస్తుంది. కరిచే ముందు దాదాపు ప్రతి కుక్కా చెబుతుంది, ఆ భాష మనకు తెలియాలి. ముఖం పక్కకు తిప్పుకుంటుంది. నిద్ర లేకున్నా ఆవలిస్తుంది. తిండి లేకున్నా మూతి నాక్కుంటుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగుసుకుపోతుంది. వీటిని పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. తోక ఊపుతున్నంత మాత్రాన సంతోషంగా ఉందనుకోవద్దు. ఒళ్లు బిగించి తోక నిటారుగా పెట్టి ఊపితే అది ఉద్రేకం.

గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకూడదు. కొడితే గుర్రుమనడం మానుకుంటుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. ఇక ముందు హెచ్చరిక లేకుండానే కాటు పడుతుంది. బిడ్డను అక్కడి నుంచి తీసేసి, ఏది దానికి ఇబ్బందైందో వెతకాలి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య కూనకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్లు సలుపుతుంటే పిల్లల వేళ్లు, లంగా అంచులు పట్టుకుంటుంది. వెంటనే ఆట ఆపి అటు తిరిగి నిలబడాలి. పాత తువ్వాలు ముడేసి తడిపి ఫ్రిజ్‌లో పెట్టి నమలడానికి ఇవ్వాలి. మీదికి ఎగిరితే నాలుగు కాళ్లూ నేల మీద ఆనించే దాకా పలకరించకూడదు. పిల్లలు కేకలు పెట్టి పరిగెత్తితే అది వెంటపడుతుంది. కాబట్టి ఈ పాఠాలు పిల్లలకు కూడా చెప్పాలి.

పిల్లలకు చెప్పాల్సిన మాటలు

• తింటున్న, నిద్రపోతున్న, బొమ్మ కొరుకుతున్న కుక్క దగ్గరికి వెళ్లొద్దు.
• మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోవద్దు, మీదెక్కొద్దు, తోక లాగొద్దు. ముఖం దాని ముఖం దగ్గర పెట్టొద్దు.
• నిమరాలంటే ముందు పెద్దవాళ్లను అడగాలి. కుక్కను మనమే పిలవాలి, అదే మన దగ్గరికి రావాలి. నెత్తి మీద కాకుండా మెడ పక్కన నిమరాలి.
• తెలియని కుక్క వస్తే పరిగెత్తొద్దు. చెట్టులా కదలకుండా నిలబడి, చేతులు ఒంటికి ఆనించుకుని, కాళ్ల వైపు చూడాలి. కింద పడిపోతే చేతులతో మెడ, చెవులు కప్పుకుని ముడుచుకోవాలి.
• కుక్క కరిచినా, గీరినా ఆ క్షణమే ఇంట్లో చెప్పాలి. ఎవరూ తిట్టరు.

చివరి మాట అన్నిటికన్నా ముఖ్యం. చెరువు గట్టు మీదికి ఎందుకెళ్లావని తిడతారనో, ఇంజెక్షన్ వేస్తారనో పిల్లలు కాటును దాచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. బిడ్డ నోరు విప్పి చెప్పేలా పెంచడమే మొదటి మందు.

కాటు పడితే

1885 జులై 6న పారిస్‌లో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి లూయీ పాశ్చర్ రేబిస్ టీకా ఇప్పించాడు. కుక్క ఒళ్లంతా కరిచిన ఆ పిల్లాడు బతికాడు. మన దేశంలో ఆ తర్వాత చాలా దశాబ్దాలు కసౌలీలో రూపొందిన పాత పద్ధతి టీకానే వాడారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని మన పెద్దవాళ్లు భయంగా చెప్పేది దాని గురించే. 2005 నాటికి అది పూర్తిగా పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి మోతాదు రోజును సున్నాగా లెక్కేసి 3, 7, 28 రోజుల్లో మిగిలినవి. కండలోకి ఇస్తే 14వ రోజున ఇంకొకటి. పాత భయంతో ఆలస్యం చేయడానికి కారణమే లేదు.

కాటు పడగానే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, కాఫీ పొడి, పసరు ఏదీ పెట్టొద్దు. కట్టు బిగించొద్దు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి, ప్రభుత్వాసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. పెద్ద ఆసుపత్రికి పంపిస్తే ఆ రోజే వెళ్లాలి. కరిచింది మన ఇంటి కుక్కే అయినా, దానికి టీకా వేయించి ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే. ఆ కుక్కను పది రోజులు గమనిస్తూ ఉండాలి.

ఊరి బాధ్యత, ఇంటి బాధ్యత

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును చంపేసిన వార్త ప్రతి తల్లినీ కలచివేసింది. 2025లో సుప్రీంకోర్టు వీధికుక్కల విషయాన్ని తనంతట తాను చేపట్టింది. సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేసి తిరిగి వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడే వాటిని వదలకూడదని ఆగస్టులో చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి వీధికుక్కలను తరలించాలని నవంబరులో ఆదేశించింది. ఈ పని స్థానిక సంస్థలది, అడిగి చేయించుకునే హక్కు మనది.

ఇంటి కుక్క విషయంలో పూచీ పూర్తిగా మనదే. పెంచుకునే జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కుక్కకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన వ్యవధిలో బూస్టర్, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. పాశ్చర్ టీకా వేయించిన జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం, సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజుల్లో మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ప్రవర్తనలోనో ఆరోగ్యంలోనో చిక్కుంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

కొనే ముందు ఒక్క లెక్క వేసుకోండి. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఈ రోజు ఉయ్యాలలో ఉన్న పాప హైస్కూలుకు వెళ్లే దాకా అది మీ ఇంట్లో ఉంటుంది. శుభ్రత రాని కుక్క, పిల్లల మీదికి పోయే కుక్క చివరికి ఏ చెరువు గట్టు మీదో గొలుసుకు కట్టుబడుతుంది, లేదా రోడ్డు మీద వదిలేస్తే వీధికుక్కల్లో కలుస్తుంది. అప్పుడది ఇంకొకరి బిడ్డకు ప్రమాదం. కాబట్టి కుక్కపిల్లను తెచ్చే ముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి: తెల్లవారుజామున లేచి దాన్ని బయటికి తీసుకెళ్లేది ఎవరు, పాప దగ్గర అది ఉన్నప్పుడు చూస్తూ ఉండేది ఎవరు, టీకా తేదీ గుర్తుపెట్టుకునేది ఎవరు. ఈ మూడింటికీ పెద్దవాళ్ల పేర్లు దొరికితేనే తెచ్చుకోండి. పేర్లు దొరకకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.